అయిదో నంబరు రికార్డు

మార్చి 3, సోమవారం

చీటీల మేష్టారు ఏడు రికార్డులు పంపారు. ఎప్పటిలాగే ఒక్కోదాని మీద తెల్లకాగితం అంటించి, దాని మీద నంబరు మాత్రం వేశారు. రేడియో లైబ్రరీలో ఆయన చీటీ అంటించనిది ఆయన నుదుటికి ఒక్కదానికే. వాయించిందెవరో, ఏ ఊరి ఆర్కెస్ట్రానో, ఏ ఏడాదిదో నాకు తెలియకూడదు. ఈ నియమం నేను పెట్టిందే. ముందు వినాలి, తీర్పు రాసి కవరులో పెట్టి మేష్టారి చేతికివ్వాలి, ఆ తర్వాతే ఆయన పేర్లు విప్పుతారు. పేరు కనబడితే చెవులు సెలవు పెట్టేస్తాయి. పదకొండేళ్ళుగా ప్రతి నెలా మూడో శుక్రవారం రేడియోలో నా అరగంట ఇలాగే నడుస్తోంది. కవరులో పెట్టిన తీర్పును ఒక్కసారీ మార్చలేదు.

ఆర్కెస్ట్రా అంతటికీ ఎదురుగా ఒక్క క్లారినెట్ నిలబడే కన్‌చెర్టోలు ఇప్పటిదాకా తొమ్మిదింటిని పోల్చాను. పదోదాన్ని మాత్రం ఏదో ఒక వంకతో తప్పించుకుంటూ వచ్చాను. ఇక వంకలు అయిపోయాయి.

పొద్దున కాఫీ దగ్గర మా ఆయనకి చెప్పాను.

"ఈ నెల అదే వేస్తున్నాను."

"ఏది?"

"నేను వాయించింది."

ఆయన పేపరు మడిచారు. "ఎందుకే ఇప్పుడు? వేరేదేదైనా వేసుకోరాదూ?"

"ఇరవై రెండేళ్ళయింది. ఇంకా భయపడితే నలుగురూ నవ్వుతారు."

"నీ ఇష్టం," అని కప్పు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయారు. రేడియోలో రిటైరయ్యాక ఆ గదే ఆయన లోకం. అక్కడ కూర్చుని వాళ్ళవీ వీళ్ళవీ రికార్డింగుల్లో మంచి ముక్కలు ఏరి అతుకుతూ ఉంటారు. నా మనసు మళ్ళీ నొచ్చుకుంటుందని ఆయన బాధ. ముప్పై ఏళ్ళ కాపురంలో నా మీద ఈగ వాలనివ్వలేదు ఈ మనిషి.

మార్చి 4, మంగళవారం

అదే కుర్చీ, మూసిన కిటికీ, వాల్యూమ్ మీట పక్కన గోళ్ళ రంగుతో నేను పెట్టుకున్న గీత. ఒక్కోదాన్ని మూడేసి సార్లు వినాలి. మొదటిసారి స్వరాల పుస్తకం మూసి, రెండోసారి తెరిచి, మూడోసారి మధ్య భాగం ఒక్కటే.

ఒకటో నంబరులో ఒక్క తప్పు లేదు, ఒక్క ముచ్చటా లేదు. రెండోది ఆఖరి బస్సు పోతుందేమోనన్నట్టు పరుగో పరుగు. మూడోదాంట్లో క్లారినెట్ ఎక్కడుందో దీపం పెట్టి వెతుక్కోవాలి. నాలుగో ఆయన చెయ్యి తిరిగిన మనిషి, కింది స్వరాలు వెచ్చగా ఉన్నాయి, పైకి వెళ్ళేసరికి పళ్ళు బిగించాడు.

అయిదోది.

మధ్య భాగంలో ఆర్కెస్ట్రా ఆగిపోయి క్లారినెట్ ఒక్కటే మిగిలే చోటుంది. అక్కడ ఏం వాయించాలో పాతకాలం వాళ్ళు రాసిపెట్టలేదు, ఎవరి అల్లిక వాళ్ళదే. ఇందులో వినిపించిన అల్లిక నాదే! నేను అల్లి పిల్లలకి నేర్పుతూ వచ్చిందే. ముప్పై మందికైనా నేర్పి ఉంటాను, అందులో ఎవరో ఒకరన్నమాట. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారని గట్టిగా మనసు బిగబట్టుకుని విన్నాను. లాభం లేకపోయింది. నిమిషం నలభై సెకన్లు కుర్చీ అంచు మీదే కూర్చున్నాను.

పై స్వరానికి ఎక్కబోయే ముందు, సరిగ్గా వాక్యం మధ్యలో, ఊపిరి తీసుకున్నారు. అక్కడ తీసుకోకూడదు. ముప్పై మందికీ అక్కడే చీవాట్లు పెట్టాను. కానీ ఇక్కడ అది తప్పనిపించలేదు. ఒక మాట చెప్పబోయి, చెప్పనా వద్దా అని ఆగిన మనిషిలా ఉంది.

ఆ కాసేపూ గది చిన్నదైనట్టు వినిపించింది. మైకు దగ్గరికి జరిపి ఉంటారు.

మార్చి 6, గురువారం

ఆరూ ఏడూ కూడా అయ్యాయి. తీర్పు: అయిదు, నాలుగు, ఏడు. కవరు తీసుకెళ్ళి మేష్టారికిచ్చాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, కవరు జేబులో పెట్టుకోకముందే మొదలుపెట్టారు.

"అయిదో నంబరు ఎవరనుకున్నారు మేడమ్ గారూ? మీ పిట్టేనండీ!"

పిట్ట! పదకొండేళ్ళ వయసులో మెట్లు గెంతుకుంటూ వచ్చింది నా దగ్గరికి. తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. రెండు నెలల కిందట రికార్డు వచ్చిందని తెలుసు, దాన్ని అతికింది మా ఆయనేననీ తెలుసు. నంబరుతో నా దగ్గరికి రాకముందు ఏ కొత్త రికార్డూ విననన్నది ఇంకో నియమం. పిట్టదైనా సరే. "నీ నియమం ఉందిగా," అని ఆయనా వినిపించలేదు.

దారి పొడుగునా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. ఎదురొచ్చిన వాళ్ళు ఏమనుకున్నారో.

మార్చి 7, శుక్రవారం

భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను, పిట్టకి మొదటి స్థానమని. తింటున్న మనిషి ఆగిపోయారు.

"అంత బాగుందా?"

"బాగుందా ఏమిటి? మధ్యలో ఒంటరిగా వాయించే ముక్క ఒక్కటీ చాలు. అతికింది మీరేగా, మీకు తెలీదూ?"

"కవరు ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"మనింటి పిల్లలాంటిది, మనమే మొదటి స్థానం ఇచ్చామంటే బాగోదేమో. కవరు మార్చుకోరాదూ?"

నా పదకొండేళ్ళ నియమం గురించి తెలిసీ అన్నారు. పిట్టకి చెడ్డపేరు రాకూడదని ఆయన ఆలోచన. అతి మంచితనం.

మార్చి 9, ఆదివారం

పని కోసం కాదు, ఊరికే సంతోషం కోసం మళ్ళీ విన్నాను. ఊపిరి తర్వాత నాలుగో స్వరం దగ్గర ఒక మీట టక్కుమంటుంది. నా పాత క్లారినెట్‌కి ఎడమ చిటికెన వేలి కింద మీట అలాగే టక్కుమనేది, ఎన్ని మరమ్మతులు చేయించినా మానలేదు. ఏ క్లారినెట్టయినా వెతికితే ఎక్కడో ఒకచోట టక్కుమంటుంది.

మార్చి 10, సోమవారం

ఇవాళ వినలేదు.

మార్చి 11, మంగళవారం

విన్నాను. తొమ్మిదిసార్లు.

నా రికార్డింగు రోజుకి నాకు ఏడో నెల. అమ్మాయి కడుపులో ఉండి డొక్కలోకి తన్నేది. ఊపిరి సగమే నిండేది. ఆ వాక్యం మొత్తం ఒక్క గుక్కలో లాగలేక, పై స్వరానికి ముందు ఆగి తీసుకున్నాను. అద్దం అవతల ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు. ఆయన రేడియోలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే చెప్పారు. "ఆర్కెస్ట్రా కండక్టర్ గారికి నచ్చలేదు. మధ్యలో ఊపిరి వినబడిందన్నారు. విడుదల చెయ్యరట. టేపు చెరిపేశారు." నేనేమీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. అమ్మాయి పుట్టాక మళ్ళీ ఆర్కెస్ట్రా ముందు నిలబడలేదు, పాఠాలు చెప్పుకున్నాను. ఆయన ఒక్కరోజూ పన్నెత్తి మాట అనలేదు. ఆ సంగతి ఎత్తితే నేను బాధపడతానని ఎత్తేవారే కాదు.

మార్చి 12, బుధవారం

పిట్ట నా దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. నాలా కాక ఇంకెవరిలా వాయిస్తుంది? అల్లిక నాది, పద్ధతి నాది. ఊపిరంటారా, స్టూడియో కంగారులో తీసుకుని ఉంటుంది. గది చిన్నదవడం మైకు వల్ల. మీటలన్నీ టక్కుమంటాయి.

నాకేం అనుమానం లేదు.

అయినా రేపు లైబ్రరీకి వెళ్తాను. నా టేపు చెరిపేసినట్టు పాత కార్డు మీద రాసే ఉంటుంది. ఆ ముక్క కళ్ళతో చూస్తే మనసు కుదుటపడుతుంది. లేని టేపు పిట్ట రికార్డులోకి ఎలా వస్తుంది?

మార్చి 13, గురువారం

మేష్టారు పాత బీరువా వెతికి కార్డు తీశారు. చదివి, నా మొహంలోకి చూసి, "మీరే వద్దన్నారటగా మేడమ్ గారూ. అప్పట్లో అందరూ అదే చెప్పుకున్నారు," అన్నారు.

కార్డు మీద ఇలా ఉంది. "రీళ్ళు 1, 3 చెరిపివేయడమైనది. కారణం: తన వాయింపు తనకు తృప్తిగా లేదని కళాకారిణి స్వయంగా కోరినందున."

కింద సంతకం మా ఆయనది. పొడుగు తోకతో, ఇప్పటికీ అలాగే పెడతారు.

రెండో రీలు ఊసే లేదు. మధ్య భాగం రెండో రీలు మీద ఉండేది.

మేష్టారు అడక్కుండానే నకలు తీసిచ్చారు.

మార్చి 14, శుక్రవారం

ఇప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు.

మార్చి 15, శనివారం

పొద్దున పదింటికి వెనక గది తలుపు తీసి నిలబడ్డాను. ఆయన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసేదాకా ఆగి, కార్డు నకలు బల్ల మీద పెట్టాను. ఆయన చదవలేదు. చూడగానే తెలిసిపోయింది.

"ఎప్పటికైనా బయటపడుతుందనుకున్నాను," అన్నారు.

"ఏం బయటపడుతుంది? మీరే చెప్పండి. నా చేత చెప్పించకండి."

చెప్పారు. మళ్ళీ వాడుకోవడానికి పనికొచ్చే టేపుల డబ్బాల మీద ఎర్ర పట్టీ వెయ్యడం అక్కడి పద్ధతి. ఆ రోజు ఈయన ఎర్ర పట్టీలు తప్పు దొంతర మీద వేశారు. మర్నాడు పొద్దున్నే నా మొదటి భాగం మీదా, మూడో భాగం మీదా ఒక దంతవైద్యుడి ప్రసంగం రికార్డు చేశారు, పళ్ళు ఎలా తోముకోవాలో. రెండో రీలు ఈయన బల్ల మీద ఉండబట్టి బతికింది.

"అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదే. నీకా, ఏడో నెల. టేపు పాడుచేసింది నేనే అంటే ఆ రోజే బయటికి పంపేవాళ్ళు."

"అందుకని నేనే చెరిపేయమన్నానని వాళ్ళకి చెప్పారు. వాళ్ళకే నచ్చలేదని నాకు చెప్పారు."

"ఆ ఒక్క పూట గడిస్తే చాలనుకున్నాను. తర్వాత నువ్వే మానేశావు."

"నేనే మానేశానా?"

"నేను మానమనలేదుగా!"

ఆ మాట ఎంత సులువుగా అన్నారో. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఆ నింద వెయ్యకముందే తుడుచుకున్నారు.  ఏదైనా విసిరేస్తానేమోనని చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఊపిరి సంగతి ఎందుకు కల్పించావు?" అన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి 'నువ్వు' అన్నాను. ఇద్దరికీ వినబడింది, ఎవరూ దిద్దలేదు.

"ఏదో ఒక కారణం చెప్పాలిగా. ఊరికే వద్దన్నారంటే నువ్వు వెళ్ళి కండక్టర్ గారిని నిలదీసేదానివి. తప్పు నీదేనంటే వెళ్ళవని తెలుసు."

నన్ను అంత బాగా ఎరిగిన మనిషి ఇంకొకరు లేరు. ఎక్కడ కొడితే నోరు మూసుకుంటానో ఎరిగి, అక్కడే కొట్టాడు. ఆ ఊపిరి తీసుకున్నందుకు ఇరవై రెండేళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను. అదే చోట ముప్పై మంది పిల్లల్ని తిట్టాను.

"పిట్ట రికార్డులో ఎందుకు పెట్టావు?"

"ఆ అమ్మాయికి ఆ ముక్క కుదర్లేదు. నీది బీరువాలో ఉంది. ఇన్నేళ్ళూ ఎవరూ వినలేదు కదా, పోనీ ఇలాగైనా ఎవరో ఒకరు వింటారనిపించింది."

"పిట్ట పేరుతోనా?"

"నీ పేరుతో పెడితే టేపు ఎక్కడిదని అడుగుతారు కదా," అన్నారు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదేమిటన్నట్టు చూశారు కూడా.

మార్చి 16, ఆదివారం

ఆయన వెనక గదిలోనే ఉంటున్నారు. నేను వంటింట్లో ఉంటే ఇటు రారు. తేలు కుట్టిన దొంగ.

మార్చి 17, సోమవారం

కండక్టర్ గారు పోయి ఆరేళ్ళయింది. పోయే ముందు ఒక సభలో ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను. నా వాయింపు నచ్చని మనిషని నేను, తన ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డును కాలదన్నిన పొగరుబోతునని ఆయన. నాలుగడుగుల దూరంలో నిలబడి ఇద్దరం గోడలు చూశాం. ఆయనకి ఇప్పుడు ఎవరు చెప్తారు?

పిట్టకి తెలుసా? తెలిసే ఊరుకుందా? తెలియకపోతే ఎలా ఉంటుంది, తన వాయింపు తనకి తెలియదూ? రోజూ ఫోన్ చేసే పిల్ల రెండు నెలల్లో ఆ రికార్డు మాట ఒక్కసారి ఎత్తలేదు. పాలు తాగే పిల్లి కళ్ళు మూసుకుంటుంది. రేపు వెళ్తాను. మొహం మీదే అడుగుతాను.

మార్చి 18, మంగళవారం

అడగలేదు.

తలుపు తీయగానే, "విన్నారా టీచర్? నంబరుతో మీ దగ్గరికి వచ్చిందా? నేను అడక్కూడదు కదా, నియమం," అంటూ నవ్వింది. అందుకే రెండు నెలలుగా ఎత్తలేదు. నేను నేర్పిన నియమమే.

కూర్చోబెట్టి అడిగాను, ఆ ఒంటరి ముక్క ఎలా రికార్డు చేశారని.

"పదకొండు సార్లు వాయించాను. ఒక్కటీ కుదిరినట్టనిపించలేదు. సార్ అన్నారు, 'నువ్వు ఇంటికెళ్ళమ్మా, పదకొండులోంచీ మంచి ముక్కలు ఏరి ఒకటి చేస్తాను,' అని. తర్వాత వింటే... వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను టీచర్. అచ్చం మీలా వచ్చింది. ఏదో ఒక రోజు దానంతటదే వస్తుందని మీరు అనేవారుగా, వచ్చేసిందనుకున్నాను."

పదకొండు ముక్కల్ని అతికాక తనది తనకే కొత్తగా వినిపిస్తుంది, ఎవరికైనా అంతే. ఈ పిల్ల నమ్మింది. ఆయన మాట నమ్మింది, నేను నమ్మినట్టే.

కాఫీ తాగి వచ్చేశాను.

మార్చి 20, గురువారం

రేపు ప్రసారం. నేరుగానే, ముందు రికార్డు చేసుకోవడం లేదు. చెప్తే పిట్ట పేరు బజారున పడుతుంది. ఆయన పనీ పోతుంది, పోనీ. చెప్పకపోతే ప్రపంచమంతా విని మెచ్చుకునే నా నిమిషం నలభై ఇంకొకరి పేరుతో తిరుగుతుంది. కవరులో 'అయిదు' అని రాసి ఉంది, నా చేత్తోనే. నాకు నేను మొదటి స్థానం ఇచ్చుకున్నాను, ఎంత ముచ్చట!

మార్చి 21, శుక్రవారం

"అయిదో రికార్డును ఈసారి పోలికలోకి తీసుకోవడం లేదు," అని ఒక్క వాక్యం చెప్పి నాలుగో ఆయన దగ్గరికి వెళ్ళిపోయాను. కారణం చెప్పలేదు. అద్దం అవతల మేష్టారు కవరు పట్టుకుని నోరు తెరిచి చూశారు.

ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఇదే మంచిపని.

మార్చి 22, శనివారం

ఎనిమిదింటికల్లా పిట్ట గుమ్మంలో ఉంది. రాత్రంతా ఏడ్చినట్టుంది.

"నాది అసలు లెక్కలోకే రాలేదా టీచర్? ఆఖర్న పెట్టినా బాధపడేదాన్ని కాదు."

"అది కాదే..."

"ఊపిరి తీసుకున్నాననే కదా? మీరు వందసార్లు చెప్పారు అక్కడ తీసుకోవద్దని. ఎలా తీసుకున్నానో నాకు గుర్తే లేదు. విన్నప్పుడు తెలుస్తూనే ఉంది, అయినా బాగుందని మురిసిపోయాను. నా చెవి మీదే నాకు నమ్మకం పోయింది. వచ్చే నెల కచేరీ ఒప్పుకున్నాను, రానని చెప్పేస్తాను. కొన్నాళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాను."

పాఠాలు చెప్పుకుంటుందట. ఇరవై ఎనిమిదేళ్ళకి. సరిగ్గా నేను చేసిందే. ఎవరికీ అన్యాయం చెయ్యలేదని నిన్న సాయంత్రం ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. చెప్పులు విడవకుండా అబద్ధం చెప్పిన ఆయనకీ, మైకు ముందు నోరు మూసుకున్న నాకూ ఏం తేడా ఉంది? నోరు తెరిస్తే పిట్ట రికార్డు పోతుంది, తెరవకపోతే పిట్టే పోతుంది.

అంతా చెప్పాను. ఎర్ర పట్టీలు, దంతవైద్యుడు, కార్డు, బీరువా. మధ్యలో ఎక్కడా ఆపలేదు. పిట్ట కూడా అడ్డు రాలేదు.  నా మీద అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"మరి నావేవి?" అంది. "ఆ పదకొండూ?"

ఇద్దరం వెనక గదికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. పిట్ట వచ్చిన పని చెప్పింది. ఆయన కంప్యూటర్లో తీసి, కుర్చీ వదిలి పక్కకి జరిగారు. వరసగా విన్నాం. మొదటి నాలుగూ భయం భయంగా ఉన్నాయి. అయిదోది తొందర. ఏడోది మొదలయ్యాక పిట్ట తల ఎత్తింది.

ఏడోదాంట్లో ఊపిరి లేదు. వాక్యం మొత్తం ఒక్క గుక్కలో ఉంది. పై స్వరం దగ్గర నాలా ఆగలేదు, నేరుగా వెళ్ళి మెత్తగా నిలబడింది. అస్సలు నాలా లేదు. బాగుంది. చాలా బాగుంది. ఒళ్ళంతా మండింది నాకు, అసూయో ఏమిటో, ఆ తర్వాత ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వేశాను.

"సార్," అంది పిట్ట, "ఇది ఎందుకు వద్దనుకున్నారు?"

ఆయన తెర వైపు తిరిగారు.

"వినలేదమ్మా," అన్నారు.

పదకొండూ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ వినలేదు. బీరువాలో టేపు వెలుగు చూడాలి, ఈయన గుండె మీది బరువు దిగాలి, దానికి ఒక పేరు కావాలి. ఈ పిల్ల పేరు చేతికందింది.

"ఆ రోజు నాలుగు గంటలు నిలబడి వాయించాను సార్," అని మాత్రం అంది పిట్ట. సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 25, మంగళవారం

పిట్ట ఫోన్ చేసింది. రికార్డు వేసినవాళ్ళకి తనే ఉత్తరం రాసిందట, ఉన్నవి వెనక్కి తీసుకోమని. "రేడియోలో చెప్పండి టీచర్. నా పేరు కూడా చెప్పండి. నాది ఏడోది కూడా వినిపించండి."

నాకంటే గట్టిది.

ఏప్రిల్ 2, బుధవారం

"నా పేరు చెప్పక తప్పదా?" అని గుమ్మంలో నిలబడి అడిగారు ఆయన. "ఇరవై రెండేళ్ళ పని నాది."

"నాది ఎన్నేళ్ళ పని?" అన్నాను.  కూరగాయలు తరుగుతూ ఉండిపోయాను, ఆయన అక్కడే కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "నాన్నేనా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

పోయిన నెల అయిదో రికార్డును ఎందుకు వదిలేశానో చెప్పాను. ఆ నిమిషం నలభై వాయించింది నేనని, ఏ సంవత్సరంలోనో, ఏ కండక్టర్ గారి దగ్గరో చెప్పాను. టేపు చెరిపేయమని నేను ఎన్నడూ కోరలేదని, కండక్టర్ గారు బతికి ఉండగా ఈ మాట చెప్పలేకపోయానని చెప్పాను. చెరిపిందీ దాచిందీ అతికిందీ ఎవరో చెప్పాను. ఆ మనిషి నా భర్తేనన్న సంగతీ దాచలేదు.  పిట్ట నా పక్కనే కూర్చుంది. ముందు తన ఏడోదీ, తర్వాత నాదీ వినిపించాం. ఏది బాగుందో చెప్పలేదు. పదకొండేళ్ళలో తీర్పు లేని అరగంట ఇదొక్కటే.

ఇంటికొచ్చేసరికి ఆయన ముందు గదిలో రేడియో దగ్గర కూర్చుని ఉన్నారు. అది ఆపేసే ఉంది. కోప్పడతారేమో, బతిమాలతారేమో అనుకుని, రెండింటికీ సిద్ధపడే లోపలికి వచ్చాను.

"నీదే బాగుంది," అన్నారు. "ఆ రోజు స్టూడియోలో నువ్వు వాయిస్తుంటే అద్దం ఇవతల నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత బాగా ఇంకెవరూ వాయించగా వినలేదు."

 గదిలోకి వచ్చి తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను.

ఆ సాయంత్రం చెప్పులు విడవకుండా ఆయన చెప్పాల్సిన మాట ఇదొక్కటే. టేపు పోయింది, నా వల్లే పోయింది, కానీ నువ్వు చాలా బాగా వాయించావు అని ఉంటే, మర్నాడు ఆ కడుపుతోనే వెళ్ళి మళ్ళీ వాయించేదాన్ని.